చుట్టపుచూపుగా మారిషస్‌కు

"మా పెద్దమ్మాయి మారిషస్‌లో కాపురం పెట్టింది. దసరాలకి మమ్మల్ని రమ్మని ఒకటే గొడవ. ఆవకాయ, గోంగూర గింజలు, కరివేపాకు మొక్క, అమ్మాయి పూజ చేసుకోవటానికి తులసికోట మట్టితో సహా ఒక తులసి మొక్క, ఇవన్నీ పట్టుకెళ్ళవచ్చునా? సూదిమందులేవైనా పొడిపించుకోవాలా? మీరు వెళ్ళివచ్చారు గదా, కాస్త వివరంగా చెప్పండి" అంటూ రాజమండ్రినుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు.

ఈ ఉత్తరం చదువుతుంటే ముందు నాకు నవ్వు వచ్చింది. ఆ వెనకనే సిగ్గూ వేసింది. నవ్వెందుకంటే, 2024 ఆగస్టులో మా వంటింటి అరుగుమీద కూర్చుని నేను వేసుకున్న జాబితా కూడా అచ్చు ఇదే. సిగ్గెందుకో చివర చెబుతాను. ముందు అడిగినవాటికి జవాబులు.

మనదేశపు పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు చూడటానికి వెళ్ళేటప్పుడు మారిషస్‌కు ముందుగా వీసా తీసుకోనక్కరలేదు. దిగినచోటే ముద్ర వేసి ఇస్తారు. ఈ మాట వినగానే "ఇంకేం, బస్సెక్కినట్టు ఎక్కెయ్యటమే" అని మురిసిపోకండి. ముద్ర వేసే ఆయన చూసేవి నాలుగున్నాయి. పాస్‌పోర్టుకు మీరు తిరిగి వచ్చేదాకా గడువుండాలి; ఆరునెలలు మిగిలి ఉంటే ఎవరితోనూ పేచీ ఉండదు. తిరుగు ప్రయాణం టిక్కెట్టుండాలి. దిగబోయే చోటు చిరునామా ఉండాలి. హోటలైతే రసీదు, కూతురి ఇల్లయితే ఆమె వ్రాసి ఇచ్చిన ఉత్తరం, అక్కడి ఫోను నెంబరు. ఉన్నన్నాళ్ళూ ఖర్చుకు సరిపడా డబ్బుందని చూపించగలగాలి. ఇవన్నీ ఒక సంచిలో పెట్టుకొని ఆ సంచి చేతిలోనే ఉంచుకోండి. మావారు వాటిని పెద్దపెట్టె అడుగున చీరలకింద భద్రంగా దాచి, అక్కడ ఆఫీసరు ముందు జేబులన్నీ తడుముకున్నారు. ముద్రమీద వ్రాసిన తేదీయే మీకు గడువు. అది దాటితే తప్పు. చూడటానికి వెళ్ళినవాళ్ళు అక్కడ ఉద్యోగం చేయటమూ తప్పే.

బయలుదేరేముందు మారిషస్ ప్రభుత్వంవారి ప్రయాణపు ఫారం ఒకటి ఇంటర్నెట్టులో నింపాలి. మన వివరాలతోపాటు ఆరోగ్యం సంగతీ అందులో ఉంటుంది. పిల్లలచేత నింపించినా సరే, పంపేముందు మీరు ఒకసారి చదువుకోండి. కింద సంతకం మీ పేరుమీదే గదా!

బొంబాయినుంచి విమానం ఆరుగంటల పైచిలుకు. ద్వీపానికి ఆగ్నేయమూల ప్లెజాన్స్ అనేచోట దిగుతుంది. రాజధాని పోర్టు లూయీ వాయవ్యమూల. గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి. మనకు ఎండలు మండేటప్పుడు అక్కడ చలి మొదలవుతుంది. మే మొదలు అక్టోబరుదాకా హాయిగా ఉంటుంది. నవంబరునుంచి ఏప్రిల్‌దాకా ఉక్క, వానలు, తుపానులు. దసరాలకి వెళ్ళే సోదరి మంచికాలమే ఎంచుకున్నారు. ఒక శాలువ పెట్టుకుంటే చాలు.

ఇక తులసిమొక్క. మా అత్తగారు ఎనభయ్యేళ్ళ మనిషి. మనవరాలికని చిన్న కుండీలో తులసి నాటి, నెలరోజులు నీళ్ళుపోసి పెంచారు. ప్రయాణం రేపనగా దానికి పసుపు, కుంకుమ పెట్టి నా చేతిలో పెట్టారు. ఈ సంగతి ఫోనులో చెప్పేసరికి మా అల్లుడు, "అత్తయ్యగారూ, దయచేసి అదొక్కటీ తేవద్దు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. తులసికి కూడా పాస్‌పోర్టు కావాలా అన్నాను. కావాలిట! మొక్కలు, అంట్లు, గింజలు, దుంపలు, పువ్వులు, పచ్చి కాయగూరలు, పండ్లు ఏవైనా సరే, అక్కడి వ్యవసాయశాఖవారి అనుమతి ముందుగా తెప్పించుకొని, మొక్కకు తెగుళ్ళు లేవని ఇక్కడివారిచ్చే పత్రం జతచేస్తేనే రానిస్తారు. చెరకుగడ, చెరకు ముక్కలు, సూక్ష్మజీవులున్న మట్టి అసలే కూడదు. మాంసం సరుకులకూ అనుమతి కావాలి.

చెరకుమీద అంత పట్టెందుకంటే, ఆ దేశం చెరకుమీద పుట్టి పెరిగినది. 1639లో డచ్చివారు మొదటిసారి అక్కడ చెరకు నాటారు. బ్రిటిషువారి కాలంలో ద్వీపమంతా చెరకుతోటలే. ఆ తోటల్లో పనికోసం 1834నుంచి మనదేశపు కూలీలను ఓడల్లో తీసుకువెళ్ళారు. మన కాకినాడ పక్కనున్న కోరంగి రేవునుంచి వెళ్ళిన తెలుగువాళ్ళకు అక్కడ "కోరింగీలు" అనే పేరు పడిపోయింది. అందరూ బతికింది చెరకుమీద. ఒక్క తెగులుపట్టిన గడ సముద్రం దాటివస్తే ఎన్ని సంసారాల పొయ్యిలు ఆరిపోతాయో ఆలోచించండి. పైగా ద్వీపానికి చుట్టూ నీళ్ళేగాని పొరుగు లేదు. బయటినుంచి వచ్చిన జంతువులవల్ల, మనుషులవల్ల అక్కడి డోడో పక్షి పదిహేడో శతాబ్దంలోనే జాడ లేకుండా పోయింది. ఆ దెబ్బ వాళ్ళు మరిచిపోలేదు.

మరి కరివేపాకో అంటారా? బజారునిండా ఉంది. అక్కడి క్రియోల్ భాషలో దాన్ని "కారీపులే" అంటారు. మునగాకును "బ్రెద్ మురుం" అంటారు. పేర్లు వేరైనా వాసన మనదే! కొనుక్కోవటమే తప్ప మోసుకెళ్ళే పని లేదు. పచ్చళ్ళూ పొడులూ తీసుకెళ్ళదలిస్తే గట్టిగా మూత వేసి, పైన ఇంగ్లీషులో పేరు వ్రాసి, కస్టమ్సువారు అడగకముందే చెప్పి చూపించండి. సందేహం ఉన్నవాళ్ళు ఎర్రదారిన వెళ్ళటమే మర్యాద. దాచటంవల్ల వచ్చే జరిమానాతో పోలిస్తే ఆవకాయ జాడీ ఏపాటి?

మందుల సంగతి మరీ ముఖ్యం. మన పెద్దవాళ్ళు మాత్రలన్నీ ఒక డబ్బాలో కలిపి పోసుకుంటారు. ఆ పని చేయకండి. అట్టలతో సహా తీసుకెళ్ళండి. డాక్టరుచీటీ జతగా ఉంచండి. కొన్ని నొప్పిమాత్రలు, నిద్రమాత్రలు, కోడీన్ కలిసిన దగ్గుమందులు అక్కడ మత్తుమందుల చట్టంకిందకు వస్తాయి. అటువంటివి వాడేవాళ్ళు ముందుగా అనుమతి సంగతి కనుక్కొనిగాని కదలకూడదు. మత్తుమందుల విషయంలో ఆ దేశం చాలా కఠినం. సిగరెట్టు చుట్టుకునే కాగితం కూడా నిషిద్ధం. ప్లాస్టిక్ సంచులూ నిషిద్ధమే, గుడ్డసంచులు పట్టుకెళ్ళండి. మగవారికోసం ఒక మాట: పొగాకు 250 గ్రాములు, ఘాటుసారా ఒక లీటరు, వైనుగాని బీరుగాని రెండు లీటర్లు సుంకం లేకుండా వదులుతారు. వారి డబ్బులో 5 లక్షల రూపాయలకు మించిన నగదుంటే చెప్పితీరాలి. మన రూపాయలైతే మనిషికి 25 వేలకు మించి దేశం దాటించకూడదు. ఒంటినిండా నగలతో వెళ్ళేవాళ్ళు ఇక్కడే మన కస్టమ్సువారిచేత పత్రం వ్రాయించుకుంటే, తిరిగివచ్చేటప్పుడు "ఇవి మావే" అని ఏడవక్కరలేదు. మరొకటి, పిల్లలు ఒడ్డున ఏరిన గవ్వలు, పగడపు ముక్కలు తెచ్చుకుంటామంటే ఒప్పుకోకండి. అదీ తప్పే.

ఇప్పుడు సూదిమందులు. మనదేశంనుంచి నేరుగా మారిషస్ వెళ్ళేవాళ్ళకు తప్పనిసరి టీకా ఏదీ లేదు. కాని సింహాలను చూద్దామని దారిలో కెన్యావంటి దేశంలో దిగారో, పచ్చజ్వరం టీకా వేయించుకున్న పసుపుపచ్చ కార్డు చూపాలి. ఏడాది నిండిన పిల్లలకూ ఈ నియమం ఉంది. అటువంటి దేశపు విమానాశ్రయంలో పన్నెండు గంటలకు మించి కాచుకున్నా అంతే. టీకా వేసిన పదిరోజులకుగాని ఆ కార్డు చెల్లదు. ఒకసారి వేయించుకుంటే మాత్రం జన్మంతా చాలునని 2016లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నియమం మార్చింది. హైదరాబాదు నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్‌లోను, విశాఖలో పోర్టు ఆరోగ్యశాఖవారి దగ్గర ఈ టీకా వేస్తారు. కార్డు లేకుండా పచ్చజ్వరం దేశాలనుంచి తిరిగివస్తే మనవాళ్ళే ఆరురోజులదాకా విడిగా ఉంచుతారు. ఆ జ్వరం మన దేశంలో లేదుగాని, దాన్ని మోసే దోమ ఉన్నది గదా!

దోమ మాట వచ్చింది కనుక నా సిగ్గు కథ చెప్పేస్తాను.

ప్రయాణానికి వారం రోజుల ముందు మావారు స్నేహితుడి ఇంట్లో శుభకార్యానికని పాడేరువైపు వెళ్ళి, రెండు రాత్రులు ఒక గూడెంలో ఉండి వచ్చారు. వానాకాలంలో మన్యంలో దోమ ఎటువంటిదో మీకు చెప్పక్కరలేదు. మేము మారిషస్‌లో దిగిన మూడోనాడు ఉదయం మా అమ్మాయి ఇంటి తలుపు తట్టిన చప్పుడయింది. భుజాన సంచితో ఒక పెద్దమనిషి. ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరుట. మలేరియా ఉన్న దేశాలనుంచి వచ్చినవాళ్ళను దిగినచోటికే వెళ్ళి చూస్తారుట. మా ఇద్దరి వేళ్ళూ పొడిచి, గాజుపలకలమీద చెరో రక్తపుబొట్టు తీసుకున్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. కూతురి ఇంటికి చుట్టపుచూపుగా వస్తే రోగిష్టివాళ్ళను చూసినట్టు చూడటమేమిటి? పక్కింటివాళ్ళు ఏమనుకుంటారు? ఇంతలో ఆయన, "ఈ నెలరోజుల్లో మీ ఊరు దాటి అడవిప్రాంతాలకు ఎక్కడికైనా వెళ్ళారా?" అని అడిగాడు. "లేదు. హైదరాబాదు వదలలేదు" అన్నారు మావారు తడుముకోకుండా.

నేను కాఫీ కలుపుతున్నాను. ఆ మాట విన్నాను. వినీ ఊరుకున్నాను. అవునంటే ఇంకెన్ని ప్రశ్నలో, అల్లుడిముందు ఎంత నామర్దాయో అని నా భయం.

రెండురోజులకు ఆ పలకల్లో ఏమీ కనిపించలేదని కబురు వచ్చింది. "చూశావా?" అన్నారు మావారు. కాని ఇన్‌స్పెక్టరు వెళ్తూ వెళ్తూ ఒక చీటీమీద ఫోను నెంబరు వ్రాసి నాకిచ్చాడు. "ఇప్పుడు రక్తంలో లేదంటే ఒంట్లో లేదని కాదమ్మా. మలేరియా పురుగు కొన్నాళ్ళు కాలేయంలో దాక్కుంటుంది. ఎప్పుడు జ్వరం తగిలినా మాకు చెప్పండి" అన్నాడు. ఆ చీటీ నేను అలమర తలుపుకు అంటించాను.

పదకొండోనాడు సాయంత్రం మావారికి చలి పుట్టింది. రెండు దుప్పట్లు కప్పినా మంచం గడగడలాడింది. తరవాత జ్వరం, తరవాత చెమటలు. "గాలి మార్పు. క్రోసిన్ వేసుకుంటే పోతుంది. ఎవరికీ చెప్పకు. అబ్బాయికి ఆఫీసులో మాట వస్తుంది" అన్నారు. తెల్లారేసరికి జ్వరం తగ్గింది కూడా. నేను నమ్మాలనే అనుకున్నాను.

వంటింటి కిటికీలోంచి పక్కింటి పెరడు కనిపిస్తుంది. అక్కడ ఉయ్యాలలో నెలన్నర పసికందు. పక్కింటావిడ మనవరాలు. ఆవిడ పూర్వులు కోరంగినుంచి వెళ్ళినవాళ్ళు. ఇప్పుడు మాట్లాడేది క్రియోల్, ఫ్రెంచి. తెలుగు నాలుగు ముక్కలు. కాని అమ్మోరు పండుగ తప్పకుండా చేస్తుంది. సింహాద్రి అప్పన్నకు మొక్కుతుంది. ఆ ఉయ్యాలకు దోమతెర లేదు. ఉండవలసిన పని ఏమిటి? వాళ్ళ దేశంలో మలేరియా లేదు గదా! మా కిటికీ గడపమీద ఒక దోమ వాలి ఉన్నది. అది మలేరియా దోమో కాదో నాకు తెలియదు. కాని ఆ దోమనీ, ఆ ఉయ్యాలనీ, లోపల మూలుగుతున్న మావారినీ ఒక్కసారిగా చూసేసరికి నా కాళ్ళలో సత్తువ పోయింది. మావారిని అడగలేదు. అలమర దగ్గరికి వెళ్ళి ఆ నెంబరుకు ఫోను చేశాను. జ్వరం సంగతీ చెప్పాను. పాడేరు సంగతీ చెప్పాను.

గంటలో మనుషులు వచ్చారు. రక్తం తీశారు. సాయంత్రానికి తేలింది, మలేరియా, అందులో వైవాక్స్ రకం. ఆస్పత్రిలో చేర్చుకొని మాత్రలిచ్చారు. కాలేయంలో దాక్కున్నదాన్ని కూడా చంపటానికి, రక్తపరీక్ష చేసి ఆయనకు పడుతుందని తేల్చుకున్నాక, పధ్నాలుగు రోజులు మరో మాత్ర. ఇటు మా వీధిలో ఇంటింటికీ వెళ్ళి జ్వరాలున్నాయేమో అడిగారు. మురుగుకాలవలూ నీళ్ళతొట్లూ చూసి మందుకొట్టారు. ఎవరికీ రాలేదు. పాపాయి క్షేమం. ఇన్‌స్పెక్టరు మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. "మొదటిరోజే చెబితే మళ్ళీ మళ్ళీ వచ్చి చూసేవాళ్ళం" అన్నాడంతే. ఆ ఒక్కమాట చాలింది. మావారు తల వంచుకున్నారు. నేనూ వంచుకున్నాను.

పక్కింటావిడకు నేనే వెళ్ళి చెప్పుకున్నాను. ఆవిడ కోపగించలేదు. మా అమ్మాయి మధ్యన కూర్చుని అర్థం చెబుతుంటే, వాళ్ళ అమ్మమ్మ ఇద్దరు పిల్లలను జ్వరానికే పోగొట్టుకున్న కథ చెప్పింది. ఆ ద్వీపంలో 1860ల దాకా మలేరియా లేదు. ఓడలవెంట వచ్చింది. వచ్చిన రెండుమూడేళ్ళలో వేలకొద్దీ జనాన్ని పొట్టనపెట్టుకుంది. 1907లో దాని పని పట్టే ఉపాయం చెప్పమని ఒక డాక్టరును పిలిపించారు. ఆయన ఎవరనుకున్నారు? రొనాల్డ్ రాస్! దోమ పొట్టలో మలేరియా పురుగును 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో కనిపెట్టి, 1902లో నోబెల్ బహుమతి పొందిన ఆయనే. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ముందునుంచి నేను ఎన్నిసార్లు వెళ్ళానో! ఒక్కసారి లోపలికి తొంగి చూడలేదు.

తరవాత 1949నుంచి ఇంటింటా డి.డి.టి. కొట్టి మలేరియాను అణచారు. 1973లో మారిషస్‌కు మలేరియా లేని దేశమని ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రమిచ్చింది. రెండేళ్ళు తిరగలేదు. 1975లో గెర్వేజ్ తుపాను వచ్చి ఇళ్ళు కూల్చింది. కట్టటానికి బయటిదేశాలనుంచి పనివాళ్ళు వచ్చారు. వాళ్ళ రక్తంలో మలేరియా వచ్చింది. మళ్ళీ అంటుకుంది. 1982లో మరోసారి పెచ్చరిల్లింది. ఆ ద్వీపంలో పుట్టిన ఆఖరి కేసు 1997లో. అప్పటినుంచీ వచ్చే పోయే చుట్టాలను కనిపెట్టి చూడటమే వాళ్ళ కాపలా. మోసే దోమ అక్కడ ఇంకా ఉన్నది. లేనిదల్లా పురుగు. అది వెళ్తే మనలాంటివాళ్ళ వేలికొసల్లోనే వెళ్ళాలి. ఇది తెలిసిన తరవాత ఆ సూదిపోటు నాకు అవమానంగా తోచలేదు.

రాజధానిలో ఆప్రవాసీ ఘాట్ అని ఉంది. కూలీలు ఓడ దిగినప్పుడు ఎక్కిన మెట్లు ఇంకా ఉన్నాయి. 2006లో ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చారు. ఆ రోజుల్లో వాళ్ళను ఆరోగ్యం చూసిగాని లోపలికి వదిలేవారు కారుట. పక్కనే ఆస్పత్రిగది శిథిలమూ చూపించారు. ఆ మెట్లమీద నిలబడి మావారు చాలాసేపు మాట్లాడలేదు. దిగుతూ మాత్రం, "వాళ్ళను అడక్కుండానే చూశారు. నన్ను అడిగినా నిజం చెప్పలేకపోయాను" అన్నారు.

రాజమండ్రి సోదరికి చివరిమాట. దోమలు ఒంటిమీద వాలకుండా రాసుకునే మందు పెట్టుకోండి. డెంగీ, చికున్‌గున్యా దోమ అక్కడా ఉంది. ప్రయాణపు బీమా చేయించండి. వెళ్ళేముందు మన్యం వైపు పనులు పెట్టుకోకండి; పెట్టుకుంటే అడిగినప్పుడు చెప్పండి. తిరిగివచ్చాక కూడా జ్వరమొస్తే ఎక్కడికి వెళ్ళివచ్చారో డాక్టరుకు చెప్పండి.

తులసి సంగతి బెంగపెట్టుకోకండి. మేము బయలుదేరేరోజు పక్కింటావిడ తన పెరట్లోంచి ఒక తులసిమొక్క తెచ్చి మా అమ్మాయి గుమ్మంముందు నాటింది. "మా ముత్తవ్వ నాటినదాని పిల్ల" అన్నది, వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లోనే. ఇంటికి వచ్చి ఈ మాట చెబితే మా అత్తగారు తన కుండీలోని తులసికి చెంబుడు నీళ్ళుపోసి, "అయితే ముందే వెళ్ళిందన్నమాట" అని నవ్వారు.